రెండు చూపులను కలిపే గాజు: ప్రిజం కళ్లద్దాల కథ

ప్రిజం కళ్లద్దాలు అక్షరాన్ని పెద్దది చేయవు, మసకను పోగొట్టవు. వెలుతురును పక్కకు మళ్లించడమే వాటి పని. ఒక అంచున మందంగా, ఎదుటి అంచున పల్చగా ఉండే గాజులోంచి పోయే కిరణం మందపు అంచు వైపు వంగుతుంది. దాంతో చూసేవారికి వస్తువు పల్చని అంచు వైపు జరిగినట్టు కనిపిస్తుంది. మందపు అంచును ముక్కు వైపు ఉంచాలా, చెవి వైపు ఉంచాలా, పైకా, కిందికా అన్నది కన్ను ఏ దిక్కుకు తప్పిందో చూసి నిర్ణయిస్తారు.

రెండు కళ్లతో ఒక్క బొమ్మను చూడటం తేలికైన పని కాదు. ఒక్కో కంటికి ఆరు కండరాలు, వాటిని నడపడానికి మూడు జతల కపాల నాడులు ఉన్నాయి. కాడికి కట్టిన ఎడ్ల జతలా రెండు కళ్లూ ఒకే లెక్కన కదిలితేనే రెండు చూపులూ ఒక చోట కలుస్తాయి. కలవకపోతే వస్తువు రెండుగా కనిపిస్తుంది. తేడా చిన్నదైతే మెదడు కండరాలను బిగబట్టి రెండు బొమ్మలనూ ఒకటి చేసుకుంటుంది. చూపు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, పుస్తకం పట్టిన కాసేపటికే నుదురు నొప్పి, కళ్ల లాగుడు, పంక్తి తప్పిపోవడం మొదలవుతాయి.

దగ్గరి వస్తువును చూడటానికి కళ్లు తగినంతగా లోపలికి తిరగలేని స్థితిని 19వ శతాబ్దం మధ్యలో బెర్లిన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె వర్ణించాడు. దీనినే నేడు కన్వర్జెన్స్ లోపం అంటారు. కంటి కండరాల బలాబలాలను తెలుసుకోవడానికి ఆ కాలపు వైద్యులు ప్రిజంలు వాడేవారు. అయితే వాటికి సరైన కొలత లేదు. గాజు అంచు కోణం ఎన్ని డిగ్రీలో చూసి ప్రిజానికి అంకె వేసేవారు. గాజు రకం మారితే అదే కోణం కిరణాన్ని వేరే మేరకు వంచుతుంది కాబట్టి, ఒకరు రాసిన చీటీ మరొకరి దుకాణంలో మరో ఫలితం ఇచ్చేది.

ఈ చిక్కును విప్పినవాడు న్యూయార్క్ కళ్లద్దాల నిపుణుడు చార్లెస్ ప్రెంటిస్. గాజు ఆకారాన్ని కాకుండా అది చేసే పనిని కొలవాలని ఆయన 1890లో ప్రతిపాదించాడు. కిరణం మీటరు దూరంలో ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే ఆ ప్రిజం బలం ఒక ప్రిజం డయాప్టర్. నేటికీ ప్రపంచమంతా కంటి చీటీల మీద రాసేది ఈ కొలతనే. ఆయన పేరుతోనే ఒక సూత్రం కూడా ఉంది: మామూలు లెన్స్ మధ్య బిందువు కంటిపాప ఎదురుగా లేకపోతే ఆ లెన్సే ప్రిజంగా పనిచేస్తుంది. లెన్స్ పవర్‌ను సెంటీమీటర్లలో ఆ జరుగుదలతో హెచ్చిస్తే ప్రిజం బలం వస్తుంది. నాలుగు డయాప్టర్ల లెన్స్ అర సెంటీమీటరు పక్కకు జరిగితే రెండు ప్రిజం డయాప్టర్ల లాగుడు పుడుతుంది. ఫ్రేములో సరిగా కూర్చోని అద్దాలు ఎందుకు తలనొప్పి తెస్తాయో దీనితో అర్థమవుతుంది. తలకు దెబ్బ తగిలి చూపు ఇబ్బంది పడుతున్నవారి పాత కళ్లద్దాలను ముందు ఈ లెక్కతో సరిచూడాలి. కొత్త ప్రిజం రాయడం ఆ తరువాతి మాట.

ప్రిజంతో కాక, కళ్లకు శిక్షణతో చూపును సరిచేసే కసరత్తు దారి ఫ్రాన్స్‌లో మొదలైంది. గనుల ఇంజినీరుగా చదువుకున్న లూయీ ఎమిల్ జావల్ కుటుంబంలో మెల్లకన్ను ఉంది. తండ్రికీ, సోదరికీ ఆ లోపమే. చార్లెస్ వీట్‌స్టన్ 1838లో లోకానికి చూపిన స్టీరియోస్కోప్ రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపే సాధనం. దాన్ని జావల్ వైద్యానికి మళ్లించి, రెండు బొమ్మలను కలిపి చూసేలా కళ్లకు శిక్షణ ఇచ్చాడు. ఆ అనుభవాన్ని 1896లో మెల్లకన్ను మీద పుస్తకంగా వెలువరించాడు. చూపు సేవకే జీవితాన్ని ఇచ్చిన ఆ మనిషి గ్లకోమాతో తానే చూపు పోగొట్టుకోవడం మనసును కలచే సంగతి. 1920లలో ఇంగ్లండ్‌లో మేరీ మాడాక్స్ ఈ శిక్షణను వృత్తిగా చేపట్టి, తొలి ఆర్థోప్టిస్ట్‌గా పేరు పొందింది.

ప్రిజం బలం పెరిగితే గాజు అంచు లావెక్కుతుంది, అద్దం బరువవుతుంది, వస్తువుల చుట్టూ రంగుల అంచులు కనిపిస్తాయి. ఈ ఇబ్బందికి మందు దీపస్తంభంలో దొరికింది. 1820లలో ఓగుస్తాఁ ఫ్రెనెల్ దీపస్తంభాల కోసం మందపాటి లెన్స్‌ను మెట్లు మెట్లుగా కోసి పల్చన చేశాడు. అదే కిటుకుతో 20వ శతాబ్దం రెండో సగంలో ఫ్రెనెల్ ప్రిజం పొర తయారైంది. సన్నని గీతలున్న మెత్తటి ప్లాస్టిక్ పొర అది, మందం మిల్లీమీటరు మాత్రమే. కత్తెరతో కత్తిరించి, నీటితో తడిపి పాత అద్దానికే అంటించవచ్చు. 40 ప్రిజం డయాప్టర్ల బలం వరకూ దొరుకుతుంది. గీతల వల్ల చూపు కాస్త మసకబారుతుంది, నాళ్లు గడిచేకొద్దీ పొర మాసిపోతుంది. అయినా వారం వారం మారే లోపానికి ఇంత చవకైన, ఎప్పుడంటే అప్పుడు తీసేయగల సాధనం మరొకటి లేదు.

తల దెబ్బతో వచ్చే కంకషన్ సరిగ్గా అలా మారే స్థితి. తల ఒక్కసారిగా కుదుపుకు గురైనప్పుడు మెదడులోని సన్నని నాడీ తంతువులు సాగి, వాటి రసాయన సమతూకం చెదురుతుంది. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. చూపును నడిపే దారులు మెదడులో చాలా చోట్ల విస్తరించి ఉన్నాయి కాబట్టి దెబ్బ వాటిని సులువుగా తాకుతుంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యులు కంకషన్ అయిన 11–17 ఏళ్ల వంద మందిని పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించారు. 69 శాతం మందిలో ఏదో ఒక చూపు లోపం ఉంది. దాదాపు సగం మందిలో కన్వర్జెన్స్ లోపం, సగానికి కాస్త ఎక్కువ మందిలో దగ్గర–దూరాలకు చూపు సర్దుకోలేని లోపం కనిపించాయి. అక్షరాల పట్టికలో చివరి వరస దాకా చదవగలిగిన పిల్లవాడు కూడా పాఠం చదవలేక తల పట్టుకోవడానికి కారణం ఇదే. అలాంటి పిల్లవాణ్ని బద్ధకస్తుడని అనడం అన్యాయం.

2014లో పిట్స్‌బర్గ్ నిపుణులు రూపొందించిన వామ్స్ అనే చిన్న పరీక్ష కన్వర్జెన్స్ లోపాన్ని పట్టుకుంటుంది. చిన్న అక్షరాన్ని ముక్కు వైపు తెస్తూ, అది ఎక్కడ రెండుగా విడిపోతుందో కొలుస్తారు. ఐదు సెంటీమీటర్ల కన్నా దూరంలోనే విడిపోతే అనుమానించాలి. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి తప్పితే నాలుగో కపాల నాడిని చూడాలి; సన్నగా, పొడవుగా సాగే ఈ నాడి తల దెబ్బలకు తేలికగా గాయపడుతుంది. ఇలాంటి నిలువు తేడాలో చిన్న ప్రిజం కూడా ఎంతో ఊరటనిస్తుంది. హఠాత్తుగా రెండుగా కనిపించడం, కనురెప్ప వాలిపోవడం, కంటిపాపలు చిన్నా పెద్దా కావడం, వాంతులు, ముదిరే తలనొప్పి, మగత ఉంటే మాత్రం కళ్లద్దాల దుకాణానికి కాక అత్యవసర విభాగానికే వెళ్లాలి.

ప్రిజాన్నీ కసరత్తునూ ఒకే గాటన కట్టకూడదు. ప్రిజం బొమ్మను తప్పిన కన్ను దగ్గరికి తెస్తుంది. కసరత్తు కన్నును బొమ్మ దగ్గరికి తేవడానికి ప్రయత్నిస్తుంది. మొదటిది ఊరట, రెండోది శిక్షణ. కన్వర్జెన్స్ లోపమున్న పిల్లల మీద అమెరికాలో జరిగిన పరీక్షలు ఈ తేడాను తేటతెల్లం చేశాయి. 2005 నాటి అధ్యయనంలో చదువుకునే ప్రిజం కళ్లద్దాలు మామూలు అద్దాల కన్నా ఎక్కువ మేలు చేయలేదు. 2008లో 221 మంది పిల్లల మీద పన్నెండు వారాలు జరిగిన పరీక్షలో, నిపుణుల ఎదుట వారానికో గంట, ఇంట్లో రోజూ కాసేపు కసరత్తు చేసినవారిలో 73 శాతం బాగుపడ్డారు. ఇంట్లో పెన్సిల్‌ను ముక్కు దాకా తెచ్చే కసరత్తు చేసినవారిలో 43 శాతం, అదే కసరత్తును కంప్యూటర్‌తో కలిపి చేసినవారిలో 33 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 35 శాతం మెరుగయ్యారు. కాబట్టి పెన్సిల్ చాలులే అని పంపేయడం సరిపోదు.

ఆ పిల్లలకు కంకషన్ లేదన్న సంగతి మరవరాదు. దెబ్బ తర్వాత చాలామందికి కొన్ని వారాల్లో చూపు దానంతటదే కుదుటపడుతుంది. ఆ మెరుగుదలను అద్దాల ఖాతాలోనో కసరత్తు ఖాతాలోనో వేయడం తేలిక. రెండు కళ్ల ముందూ ఒకే దిక్కుకు ప్రిజాలు పెట్టి నడక తూకాన్నీ దిక్కు తెలివినీ సరిదిద్దుతామనే పద్ధతికి ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. డిస్లెక్సియాను కంటి కసరత్తుతో నయం చేస్తామనే మాటను అమెరికా పిల్లల వైద్యులు, నేత్రవైద్యులు 2009లోనే తోసిపుచ్చారు.

అందుకే చికిత్స వరస ఇలా సాగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు ఒత్తిడి లేని విశ్రాంతి, ఆపై మెల్లగా రోజువారీ పనులు. వారాలు గడిచినా చదవలేకపోతే రెండు కళ్ల కలయికను పూర్తిగా పరీక్షించడం. లోపం తేలితే పూసలు గుచ్చిన దారం మీద చూపు నిలపడం, బలం పెంచుతూ పోయే ప్రిజంల ఎదుట బొమ్మను విడిపోకుండా పట్టుకోవడం వంటి కసరత్తులు. ఈలోగా రెండు బొమ్మలు బాధిస్తుంటే పాత అద్దానికి ఫ్రెనెల్ పొర. కొందరి కళ్లు ప్రిజానికి అలవాటుపడి మరింత బలమైనది కోరతాయి కనుక అవసరమైన కనిష్ఠ బలమే ఇచ్చి, మెరుగైనకొద్దీ తగ్గిస్తూ వస్తారు. నాడి గాయం వల్ల వచ్చిన తేడా ఆరు నెలలు దాటినా ఒకే కొలతలో నిలిచిపోతే, అప్పుడు పొరను తీసేసి ప్రిజాన్ని లెన్స్‌లోనే అరగదీయిస్తారు, లేదా కండరానికి శస్త్రచికిత్స చేస్తారు.