కూర్చుంటే వేదమతి, నిలబడితే కాపాలిక్: భిలాయి పండవానీ స్వరం ఎలా మారింది?

రాక్ బ్యాండ్‌లో గిటార్ పట్టుకుని వేదికంతా తనదే అన్నట్టు తిరిగే ప్రధాన గాయకుడు అందరికీ తెలుసు. ఛత్తీస్‌గఢ్ ఉక్కునగరం భిలాయి చుట్టుపక్కల పల్లెల్లో ఆ పని తంబూరాతో జరుగుతుంది. అది పండవానీ, అంటే పాండవుల కథాగానం. ఇక్కడ అసలు హీరో అర్జునుడు కాదు, భీముడు.

సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఉత్తరాంధ్ర సహా అనేక ప్రాంతాల నుంచి జనం ఇక్కడికి వలస వచ్చారు. ఊరి చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం ఛత్తీస్‌గఢీ పాటే వినిపించేది.

పండవానీలో రెండు శైలులున్నాయి. వేదమతిలో గాయకులు మోకాళ్లపై కూర్చుని, సబల్‌సింగ్ చౌహాన్ పద్య మహాభారతాన్ని అనుసరించి పాడతారు. ఝాడూరామ్ దేవాంగన్, రీతూ వర్మ ఈ కోవకు చెందినవారు. కాపాలిక్‌లో గాయకులు నిలబడతారు. కథ జ్ఞాపకంలోంచి వస్తుంది కాబట్టి అక్కడికక్కడే పెంచొచ్చు, తగ్గించొచ్చు, చమత్కారం జోడించొచ్చు.

నిలబడి పాడటం మగవాళ్ల సొత్తుగా ఉండేది. ఆడవాళ్లు పాడితే కూర్చునే పాడాలి. భిలాయి సమీపంలోని గనియారీకి చెందిన తీజన్ బాయి ఆ కట్టు తెంచారు. పార్ధీ తెగలో పుట్టిన ఆమె తాత బ్రిజ్‌లాల్ దగ్గర కథలు విని నేర్చుకున్నారు. 13 ఏళ్ల వయసులో చంద్రఖురీలో ఇచ్చిన తొలి ప్రదర్శనకు దక్కింది 10 రూపాయలు. పాడినందుకు కులం వెలివేసింది. అయినా ఆమె పాట ఆపలేదు.

నిలబడటం వల్ల పాట వినిపించే తీరే మారిపోయింది. కూర్చున్నప్పుడు గొంతు పద్యం నడకకు లోబడుతుంది. నిలబడితే అడుగు, అరుపు, విరామం అన్నీ తాళంలో భాగమవుతాయి. నెమలి ఈకల తంబూరా ఒకసారి భీముడి గద, మరోసారి అర్జునుడి విల్లు. పాతకాలపు తంబూరా, కర్తాళాలకు హార్మోనియం, తబలా, ఢోలక్, బాంజో తోడయ్యాయి. పక్కనుండే రాగీ ఊకొడుతూ, మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ కథ నడిపిస్తాడు.

తెలుగువారికి ఇది వెంటనే బుర్రకథను గుర్తుచేస్తుంది. భుజాన తంబూరా, చేతిలో అందెలు, పక్కన వంతలు. అయితే బుర్రకథలో హాస్యం, రాజకీయం చెప్పే ఇద్దరు వంతలు పని పంచుకుంటారు. పండవానీలో ఆ బరువంతా దాదాపు ఒక్క గొంతు మీదే. షేక్ నాజర్ బుర్రకథను ఉద్యమ వేదికలెక్కిస్తే, తీజన్ బాయిని హబీబ్ తన్వీర్ గుర్తించాక పెద్ద వేదికలు దొరికాయి. శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’తో దూరదర్శన్ ప్రేక్షకులూ ఆమెను చూశారు.

భిలాయి స్టీల్ ప్లాంట్ ఆమెకు ఉద్యోగమిచ్చింది. కచేరీల మీదే బతికే కళాకారులకు నెల జీతం ఎంత ఆసరానో చెప్పక్కర్లేదు. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఆమె శిష్యురాలు, కాపాలిక్ గాయని ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఒకప్పుడు వెలికి కారణమైన ఆ నిలబడే పద్ధతినే ఇప్పుడు ఆడపిల్లలు గురువు దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నారు.