ఎగిరిన గంటలు, పనిచేసిన గంటలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో చిన్న పట్టణముల నుండి ప్రయాణికులను పెద్ద నగరముల విమానాశ్రయములకు చేరవేయు సంస్థలు కొన్ని గలవు. వీటిని ప్రాంతీయ విమాన సంస్థలందురు. వీటి విమానములు చిన్నవి; ప్రయాణములు సాధారణముగా పొట్టివి. వీటిలోని పైలట్లకు జీతము గంటల లెక్కన కట్టుదురు. అయితే ఆ గంటలను ఎప్పటినుండి లెక్కింతురు?

నిలిపిన విమానము కదలకుండ చక్రములకు దిమ్మెలు అడ్డుపెట్టుదురు. వీటికి ఇంగ్లీషులో బ్లాకులని పేరు. విమానము బయలుదేరుటకు కదలినది మొదలు, గమ్యము చేరి ఆగువరకు గల కాలము ‘బ్లాకు కాలము’. జీతమునకు ముఖ్యాధారము ఇదియే. వాతావరణ నివేదికలు చూచుట, ఇంధనమును సరిచూచుట, విమానమును పరీక్షించుట, రెండు ప్రయాణముల నడుమ వేచియుండుట ఇవన్నియు పనియే. కాని బ్లాకు కాలములో చేరవు.

ఉదాహరణకు, ఇద్దరు పైలట్లు ఉదయము 7 గంటలకు డ్యూటీలో చేరిరనుకొందము. మొదటివాడు దూరనగరమునకు ఒకే ప్రయాణము చేసెను. బ్లాకు కాలము 6 గంటలు, డ్యూటీ 7½ గంటలు. రెండవవాడు 1 గంట 15 నిమిషముల ప్రయాణములు నాలుగు చేసెను. బ్లాకు కాలము 5 గంటలు, డ్యూటీ 11 గంటలు. అనగా మొదటివాని డ్యూటీలో నూటికి 80 వంతులు జీతపు లెక్కకు వచ్చినవి. రెండవవానికి సుమారు 45 మాత్రమే.

ఈ తేడాను తగ్గించుటకు ఉద్యోగపు ఒప్పందములలో కొన్ని ఏర్పాట్లు గలవు. నెలకు కనీసము ఇన్ని గంటల జీతమను హామీ ఒకటి. ఇది తరచుగా 75 గంటల ప్రాంతమున ఉండును. కొన్నిచోట్ల డ్యూటీలోని ప్రతి 2 గంటలకు కనీసము 1 గంట జీతమిత్తురు. ఈ లెక్కన రెండవవానికి 5 గంటలకు బదులు 5½ గంటల జీతము వచ్చును.

పనిపట్టికల ఎంపికలో సీనియర్లకు ముందు అవకాశము. దినమునకు 5 గంటల చొప్పున లెక్కకు వచ్చు పట్టిక దొరికినవాడు 75 గంటలను 15 దినములలో పూర్తిచేయును. 3 గంటలే వచ్చువానికి 25 దినములు కావలెను.

అట్లని ఎక్కువ సంపాదించుటకు ఇష్టమువచ్చినంత కాలము ఎగురుటకు వీలులేదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగర సమీపమున ఒక ప్రాంతీయ విమానము కూలి 50 మంది మరణించిరి. ప్రమాద కారణము కెప్టెన్ పొరపాటని తేలినను, పైలట్ల అలసట గూడ విచారణలో చర్చకు వచ్చినది. 2014 జనవరి 4 నుండి అమలైన నిబంధనల ప్రకారము ఏ 28 దినములలోనైనను 100 గంటలకు, 365 దినములలో 1,000 గంటలకు మించి ఎగురరాదు. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి అవసరము. ఇద్దరు పైలట్లు నడుపు విమానములో ఉదయము 7 గంటలకు చేరినవారు రెండు ప్రయాణములైనచో 14 గంటలు, ఐదైనచో 12½ గంటలు మాత్రమే పనిచేయవచ్చును. నడిరేయి చేరినచో పరిమితి 9 గంటలే.

జీతపు లెక్కలో చేరని గంటలు గూడ అలసట లెక్కలో చేరును. అందుచేతనే ఈ నిబంధనలు బ్లాకు కాలముతో పాటు డ్యూటీ కాలమును గూడ కొలుచుచున్నవి.