చదవడం ఎక్కువ, రాయడం తక్కువ: సర్వరుకు ఎస్‌ఎస్‌డి ఎంపిక

కొన్నేళ్ళ క్రితం మా ఆసుపత్రిలో ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై చిత్రాలను భద్రపరిచే సర్వరును మార్చవలసి వచ్చింది. ఆ పని చూసే సంఘంలో వైద్యుల తరఫున నన్ను కూర్చోబెట్టారు. కంప్యూటర్లు నా వృత్తి కాదు. కాని సర్వరు నెమ్మదిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అర్ధరాత్రి పక్షవాతంతో ఒక రోగిని తీసుకువస్తారు. అప్పుడే తీసిన సీటీలో కనిపించే మచ్చ కొత్తదా, పాతదా అన్నది తేల్చాలంటే నిరుటి సీటీని పక్కన పెట్టి చూడాలి. మెదడుకు రక్తాన్ని అందించే పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే వైద్యుడు లెక్కకట్టారు. అటువంటి వేళ ఆ పాత చిత్రం తెర మీదికి రావడం ఆలస్యమైతే రోగికి నష్టం.

సంఘం ముందుకు వచ్చిన మొదటి ప్రతిపాదనలో అన్నిటికన్నా ఖరీదైన, ఎంత రాసినా తట్టుకునే తరగతి ఎస్‌ఎస్‌డిలు ఉన్నాయి. “అసలు రోజుకు మనం ఎంత రాస్తున్నాం?” అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. రోగిని పరీక్షించకుండా మందు రాసినట్టు తోచింది. ఆ ప్రశ్నకు జవాబు వెదికే క్రమంలో నేను తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

అరుగుదల ఎక్కడ?

సీటీలో ఒక్కొక్క ముక్క సాధారణంగా 512 వరుసలు, 512 నిలువుల చిత్రం. చుక్కకు రెండు బైట్ల చొప్పున అర మెగాబైటు. వెయ్యి ముక్కల పరీక్ష అంటే అర గిగాబైటు. పలువురు వైద్యులు ఒకేసారి వేర్వేరు పరీక్షలు తెరిస్తే డిస్కు మీద ఎక్కడెక్కడో ఉన్న చిన్న ఫైళ్ళను వెదకాలి. తిరిగే హార్డ్ డిస్కులో సూది అటూ ఇటూ కదలాలి గనుక సెకనుకు నూరు, రెండు వందల వెదుకులాటలకు మించి జరగవు. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగమేదీ లేదు. ఒక్కొక్క వెదుకులాట సెకనులో పదివేల వంతు సమయంలో ముగుస్తుంది.

ఎస్‌ఎస్‌డికి ఆధారమైన ఫ్లాష్ స్మృతిని 1980లలో తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించారు. ఇందులోని ప్రతి గదిలోనూ సన్నని బంధక పొర మాటున ఎలక్ట్రాన్లను బంధిస్తారు. చదివేటప్పుడు ఆ ఆవేశం ఎంతుందో కొలుస్తారు, అంతే. నాడి పట్టి చూడడం వంటిది. రాయడానికి, చెరపడానికి మాత్రం ఎక్కువ వోల్టేజితో ఎలక్ట్రాన్లను ఆ పొర గుండా నెట్టాలి. అలా నెట్టిన ప్రతిసారీ పొర కొంత దెబ్బతింటుంది. పైగా, చిన్నప్పుడు పలక మీద ఒక అక్షరం తప్పు పోతే ఆ ఒక్క అక్షరాన్నే తుడిచేవాళ్ళం. ఫ్లాష్‌లో ఆ వెసులుబాటు లేదు. రాసేది పుటల లెక్కన, చెరిపేది వందల పుటలున్న దిమ్మె లెక్కన. అందుచేత మనం కొంచెం రాసినా లోపల అంతకన్నా ఎక్కువ రాత జరుగుతుంది.

ఒక గదిలో ఒక బిట్టును దాస్తే రెండు స్థాయిలను గుర్తుపడితే చాలు. మూడు బిట్లకు (టీఎల్‌సీ) 8, నాలుగు బిట్లకు (క్యూఎల్‌సీ) 16 స్థాయిలు కావాలి. బిట్లు పెరిగినకొద్దీ ధర తగ్గుతుంది, ఓర్పూ తగ్గుతుంది. అయితే ఆ ఓర్పు ముఖ్యంగా రాతకు సంబంధించినది. ఒకే దిమ్మెను లక్షలసార్లు చదివితే పక్క పుటల ఆవేశం కొద్దిగా చెదిరే మాట నిజమే. డ్రైవులోని నియంత్రకం ఆ సంగతి కనిపెట్టి సమాచారాన్ని వేరే చోటికి మారుస్తుంది.

రాతను కొలవడం

ఓర్పును తయారీదారులు ‘రోజుకు ఎన్నిసార్లు పూర్తిగా నింపవచ్చు’ అన్న కొలతతో చెబుతారు. ఎక్కువగా చదివే పనులకు ఉద్దేశించినవి సాధారణంగా ఒకసారి, మిశ్రమ పనులకు ఉద్దేశించినవి మూడుసార్లు. 3.84 టెరాబైట్ల డ్రైవును అయిదేళ్ళపాటు రోజుకు ఒకసారి నింపవచ్చు అంటే మొత్తం 7,008 టెరాబైట్లు. రోజుకు 200 గిగాబైట్ల కొత్త చిత్రాలు వచ్చే ఆసుపత్రిని ఊహించుకుందాం. అయిదేళ్ళకు 365 టెరాబైట్లు. అంతా ఒకే డ్రైవు గుండా పోయినా ఇరవయ్యో వంతు ఓర్పు మాత్రమే ఖర్చవుతుంది. నిజానికి ఆ బరువును ఎన్నో డ్రైవులు పంచుకుంటాయి. ఏదీ చెరపకుండా దాచే చోట ఒక్కొక్క డ్రైవు తన జీవితకాలంలో నిండేది దాదాపు ఒక్కసారే.

అయితే కంటికి కనిపించని రాతలు కొన్ని ఉంటాయి: డేటాబేస్ సూచికలు, లాగ్ ఫైళ్ళు, ఫైలును చివరిసారి ఎప్పుడు చదివారో నమోదు చేసుకునే అలవాటు. లినక్స్‌లో ఈ చివరి దాన్ని ఆపివేయవచ్చు. డేటాబేసును, లాగ్‌లను వేరే చిన్న డ్రైవు మీద పెట్టవచ్చు. ఇప్పటిదాకా ఎంత రాశారో చాలా డ్రైవులు తామే లెక్కపెట్టుకుంటాయి. రెండు వారాల ఎడంతో ఆ అంకెను రెండుసార్లు చూస్తే అసలు సంగతి తేలుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

మొదటిది, కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు చేతిలో ఉన్న రాతను ముగించడానికి కెపాసిటర్లు ఉన్న డ్రైవు. రెండవది, సరిదిద్దలేని దోషాల పరిమితి. జెడెక్ ప్రమాణం ప్రకారం సాధారణ డ్రైవుకు 125 టెరాబైట్ల చదువుకు ఒక దోషం, సర్వరు తరగతి డ్రైవుకు 1,250 టెరాబైట్లకు ఒకటి. రోజంతా చదివే సర్వరుకు ఈ పది రెట్ల తేడా ముఖ్యం. మూడవది, సగటు వేగం కాదు, అధమ వేగం. చెరిపే పని జరుగుతున్నప్పుడు దాని వెనుక చిక్కుకున్న చదువు ఆగిపోతుంది; నూరింట ఆ ఒక్కటీ మన రోగిదే కావచ్చు. నాలుగవది, దారి. శాటా దారిలో సెకనుకు 550 మెగాబైట్లు మించవు. ఎన్‌వీఎమ్‌ఈ దారిలో కొన్ని వేల మెగాబైట్లు వస్తాయి. కాని వైద్యుడి బల్ల దాకా వచ్చే తీగ ఒక గిగాబిట్టుదే అయితే అందేది 120 మెగాబైట్ల లోపే. అప్పుడు ముందుగా మార్చవలసినది ఆ తీగను.

అన్నిటికన్నా ముఖ్యమైనది రెండో ప్రతి. గూగుల్ సర్వర్లలోని ఫ్లాష్ డ్రైవులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి నాలుగేళ్ళలో కనీసం ఒక సరిదిద్దలేని దోషం కనబడ్డ డ్రైవులు రకాన్ని బట్టి నూటికి 20 నుంచి 63 దాకా ఉన్నాయి. ఖరీదైన ఒక బిట్టు రకం ఈ విషయంలో మెరుగని రుజువు కాలేదు. రాతతోనే కాక, వయసుతో కూడా దోషాలు పెరిగాయి. ఆ రెండో ప్రతిని ఎస్‌ఎస్‌డి మీద తీసి బీరువాలో దాచడం కూడా తగదు: ఓర్పు అంతా వాడేసిన సర్వరు డ్రైవు కరెంటు లేకుండా 40 డిగ్రీల వేడిలో మూడు నెలలు సమాచారాన్ని నిలిపితే చాలునని అదే జెడెక్ ప్రమాణం అంటుంది.

మేము చివరికి చదువు తరగతి డ్రైవులనే కొన్నాం. మిగిలిన డబ్బుతో వేరొక భవనంలో రెండో ప్రతిని ఏర్పాటు చేసుకున్నాం. ఏడాది తిరిగాక రాత లెక్క చూస్తే డ్రైవుల ఓర్పులో నూటికి ఒక వంతు కూడా ఖర్చు కాలేదు. ఈలోగా రెండో ప్రతి మాత్రం ఒకసారి అక్కరకు వచ్చింది.