జ్ఞాపకం ఒక్కరోజుతో ఆగిపోకూడదు

మీ అబ్బాయి కాలేజీలో తోటి విద్యార్థి ఒకరు ప్రమాదంలో చనిపోయాడనుకోండి. ఏడాది తిరిగేసరికి స్నేహితులంతా కలిసి అతని పేరిట రక్తదాన శిబిరం పెడదామంటారు. ‘ఎందుకురా, నీరసం వస్తుంది’ అంటూ ఆపేస్తున్నారా? వద్దు. బాధలో ఉన్న పిల్లలకు చేతనైన పని ఒకటి దొరకడం పెద్ద ఊరట.

స్మరణను సేవగా మార్చడం మన విద్యార్థులకు కొత్తేమీ కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్‌) మొదలైంది. కాలేజీల్లో రక్తదాన శిబిరాలకు ముందుండేది తరచూ ఈ వాలంటీర్లే.

అయితే ఒక్క విషయం. వర్ధంతి రోజున వందమంది ఒకేసారి రక్తమిస్తే తృప్తిగానే ఉంటుంది. కానీ దాన్ని ఏడాదంతా దాచలేం. ఎర్ర రక్తకణాలు గరిష్ఠంగా 42 రోజులు, ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులే నిల్వ ఉంటాయి. తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకేమో 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వేసవి సెలవులొస్తే కాలేజీల్లో శిబిరాలు ఆగిపోతాయి. ఆ పిల్లల అవసరం ఆగదు. అందుకే స్నేహితులు నాలుగైదు జట్లుగా విడిపోయి, వేర్వేరు నెలల్లో ఇవ్వడం మేలు. వేసవికి ఒక జట్టును తప్పకుండా ఉంచుకోవాలి.

ఎవరు ఇవ్వొచ్చు?

* 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులు.
* హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి. అమ్మాయిల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి వెనక్కి పంపితే చిన్నబుచ్చుకోవద్దు. వైద్యుల్ని కలవడానికి అదో హెచ్చరిక అనుకోవాలి.
* ఒకసారి ఇచ్చాక మగవారు 3 నెలలు, ఆడవారు 4 నెలలు ఆగాలి.
* ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. ఇచ్చాక కాసేపు కూర్చుని, నీళ్లు, పళ్లరసం తాగాలి. వెంటనే బండి నడపొద్దు.

సాధారణంగా తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లే. తగ్గిన ద్రవం ఒకట్రెండు రోజుల్లో, కణాలు కొన్ని వారాల్లో తిరిగి భర్తీ అవుతాయి.

18 నిండని పిల్లలు పేర్లు రాసుకోవచ్చు, దాతలకు పళ్లరసం అందించొచ్చు, తర్వాతి జట్టుకు తేదీ గుర్తుచేయొచ్చు.

ఈసారి మీ అబ్బాయి అడిగితే కడుపునిండా టిఫిన్ పెట్టి పంపండి. వీలైతే మీరూ వెంట వెళ్లి, పక్క మంచం మీద పడుకుని చేయి చాచండి.