పొద్దు పొడిచాకే నడక!

ధనుర్మాసం వచ్చిందంటే చిత్తూరు జిల్లా పూతలపట్టులో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. గుడి మైకులో తిరుప్పావై, వాకిళ్లలో కళ్లాపి చప్పుడు, పాల క్యాన్లతో బయల్దేరే రైతులు... వాళ్లతోపాటే చెవులకు మఫ్లరు చుట్టుకుని రోడ్డెక్కే నడక ప్రియులు. అలవాటు మంచిదే, చలి పేరు చెప్పి మానాల్సిన పనీ లేదు. కాకపోతే వేసవిలో పనికొచ్చిన వేళ, వేగం ఇప్పుడు పనికిరావు.

గంట తేడా!

ఈ ప్రాంతంలో జూన్ మొదట్లో సూర్యుడు దాదాపు 5.45కే కనిపిస్తాడు. జనవరి మధ్యకు వచ్చేసరికి 6.40 అవుతుంది. అంటే ఏడాది పొడవునా అయిదింటికే లేచి నడిచేవారు చలికాలంలో గంటన్నరకు పైగా చీకట్లోనే ఉంటారన్నమాట. రోజులో చలి ఎక్కువగా ఉండేదీ, మంచు దట్టంగా పట్టేదీ ఆ సమయంలోనే. అందుకే గడియారాన్ని కాదు, సూర్యుణ్ని చూసి బయల్దేరాలి. ఏడు గంటల తర్వాతో, సాయంత్రం పొద్దు వాలకముందో నడిస్తే సరి.

గుండె మీద భారం

ఇక్కడేమైనా కశ్మీరు చలా అనుకుంటాం. కానీ గుండెకు ఇబ్బంది కలగాలంటే మంచు కురవనక్కర్లేదు. చల్లగాలి తగలగానే ఒంట్లోని వేడి బయటకు పోకుండా చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో రక్తపోటు పెరుగుతుంది, గుండె మరింత గట్టిగా పనిచేయాల్సి వస్తుంది. అసలే గుండెపోట్లు తెల్లవారుజామున, ఉదయం పూట ఎక్కువ. వెచ్చటి దుప్పట్లోంచి లేచీలేవగానే పరుగు అందుకుంటే గుండెకు సర్దుకునే వ్యవధే ఉండదు.

ముందు ఇంట్లోనే అయిదు నుంచి పది నిమిషాలు చేతులు, భుజాలు, మడమలు కదిలించాలి. రోడ్డెక్కాక నెమ్మదిగా మొదలుపెట్టి, ఒళ్లు వేడెక్కాకే వేగం పెంచాలి. ముగించేటప్పుడూ ఉన్నట్టుండి ఆగిపోకూడదు. వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే లెక్క సరిపోతుంది. దానికి అర్ధరాత్రి లేవనక్కర్లేదు కదా!

హైవే వద్దు

కడప నుంచి చిత్తూరు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారిలో తిరుపతి నుంచి వచ్చే 140వ నంబరు రహదారి కలిసేది పూతలపట్టు దగ్గరే. లారీలు, బస్సులు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. మంచులో డ్రైవరుకు మనిషి కనిపించేసరికే ఆలస్యమైపోవచ్చు. అందుకే నడకకు బడి మైదానమో, ఊళ్లోని వీధులో మేలు. రోడ్డు తప్పనిసరైతే ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన, ఒకరి వెనక ఒకరు నడవాలి. లేతరంగు దుస్తులు, చేతిలో టార్చిలైటు ఉండాలి. చెవుల్లో పాటలు వద్దు.

పొగతో జాగ్రత్త

చలికి గాలి బరువెక్కి నేలనే పట్టుకుని ఉంటుంది. చెత్త మంటల పొగ, బెల్లం పొయ్యిల పొగ, వాహనాల పొగ పైకి పోలేక మన ముక్కు ఎత్తులోనే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం. నోటితో కాక ముక్కుతో గాలి పీలిస్తే అది కాస్త వెచ్చబడి లోపలికి వెళుతుంది. ముక్కుకు అడ్డంగా పల్చటి గుడ్డ కట్టుకోవచ్చు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. భోగినాడు పాత టైర్లు తగలబెట్టేచోట వ్యాయామం మానుకోవడమే మంచిది.

ఏం వేసుకోవాలి?

మందపాటి స్వెట్టరు ఒక్కటి కన్నా పల్చటివి రెండు మూడు మేలు. ఒళ్లు వేడెక్కాక ఒక్కోటీ తీసేయొచ్చు. చెమటకు తడిసిన బనియను ఇంటికి రాగానే మార్చుకోవాలి. చలికి దాహం తెలియదు, అయినా నీళ్లు తాగాల్సిందే. మధుమేహం ఉన్నవారు మేజోళ్లు, బూట్లు లేకుండా అడుగు బయటపెట్టకూడదు. ఇన్సులిన్, మాత్రలు వాడేవారు పరగడుపున నడవకుండా, చిన్న బెల్లం ముక్క దగ్గర ఉంచుకోవాలి.

కొండెక్కేవారికీ ఇవే జాగ్రత్తలు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అరవై దాటినవారు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు నడకదారిన రాకపోవడమే మంచిదని తితిదే 2024లో సూచించింది.

ఆగిపోవాల్సిందే!

ఛాతీలో నొప్పి, బిగపట్టినట్లుండటం, ఎడమచెయ్యి లేదా దవడ లాగడం, ఊపిరాడకపోవడం, చల్లటి చెమటలు... వీటిలో ఏది కనిపించినా ‘గ్యాస్ ఏమోలే’ అని నడక సాగించొద్దు. అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించాలి. ఒంటరిగా వెళ్లేకన్నా ఇద్దరు ముగ్గురు కలిసి నడవమనేది ఇందుకే. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే చీకట్లో బయల్దేరుతుంటే, ‘కాస్త ఎండ రానీ నాయనా, నేనూ వస్తా’ అనండి. ఆ గంట ఆలస్యం వల్ల పోయేదేమీ లేదు!