పింఛను పుచ్చుకొను పరిశోధకులు

మైపాడు తీరమున సాయంకాలము ఇసుకలో కూర్చుండు పింఛనుదారులను చూచినపుడెల్ల నాకొక ఆంగ్ల కథ జ్ఞప్తికి వచ్చుచుండును. నెల్లూరు నుండి నేడెవరు వచ్చిరి, ఎవరి పడవ యింకను ఒడ్డు చేరలేదు, నిన్న కనబడిన క్రొత్త మనిషి నేడేల కనబడలేదు - ఇవి యన్నియు వారికి తెలియును. వారిని అడుగువారే లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ప్రభుత్వోద్యోగి 62 ఏండ్లకు కొలువు విరమించుచున్నాడు. కచేరి మెట్లు దిగిన మరునాడే ఆతని చూపునకు విలువ తగ్గిపోవును. అపరాధ పరిశోధక నవలలలో ఒక శాఖ సరిగా ఈ మనిషినే నాయకునిగా చేసికొన్నది.

నేను చెప్పబోవు కథ పేరు 'సింహపు జూలు'. కోనన్ డాయిల్ దీనిని 1926లో ప్రకటించెను. షెర్లాక్ హోమ్సు లండను విడిచి, ససెక్సు సముద్రతీరమున తేనెటీగలను పెంచుకొనుచుండును. మిత్రుడు వాట్సను చెంత లేనందున కథ తానే చెప్పును. 1907 జూలై నెలాఖరున, గాలివాన వెలిసిన పిమ్మట ఒక యుదయమున, పొరుగు పాఠశాల సైన్సు ఉపాధ్యాయుడు సముద్రము వైపు నుండి తూలుచు వచ్చి, సింహపు జూలు అను మాట మాత్రము పలికి ప్రాణము విడుచును. వీపున సన్నని కొరడాతో బాదినట్లు ఎర్రని వాతలు! తువాలు చూడగా పొడిగానే యున్నది. కావున అతడు నీటిలో దిగలేదని హోమ్సు నిశ్చయించును. ఒకప్పుడు అదే కన్యను కోరిన గణితోపాధ్యాయునిపై అనుమానము కలుగును. దినములు గడచును. మృతుని కుక్క ఆ మడుగు గట్టుననే చచ్చి పడును. అప్పుడు, ఎన్నడో చదివిన ప్రకృతిశాస్త్ర గ్రంథమొకటి హోమ్సు మనస్సున మెదలును. అటక మీది పుస్తకములలో వెదకి దానిని తీయును. హంతకుడు మనుష్యుడు కాడు. గాలివాన తెచ్చి మడుగులో వదలిన పెద్ద జెల్లీచేప. కథ చదువని వారు నన్ను మన్నింతురు గాక. ఇది చెప్పనిదే నా మాట సాగదు.

నాకు ఈ కథలో ఎక్కువ నచ్చినది పరిశోధకుని పొరపాటు. ఉపాధ్యాయుడు నీటిలో దిగెను. బాధతో ఒడ్డెక్కి, ఒళ్లు తుడుచుకొనకయే పరుగెత్తెను. పొడి తువాలు తన్ను తప్పుదారి పట్టించినదని హోమ్సు తానే యొప్పుకొనును. కొలువులో నున్న అధికారి ఈ మాటను ఫైలులో వ్రాయునా? విశ్రాంతి పొందిన వానికి పైయధికారి లేడు, ప్రమోషను ఆశ లేదు. తన తప్పు తాను చెప్పగలడు. తీరికగా పాత పుస్తకము వెదకగలడు. రచయితలు ఈ పాత్రను మరిమరి యాశ్రయించుట అందులకే.

వీరందరు తోటపనికి మరలుట యొక వింత. 1868 నాటి విల్కీ కాలిన్సు నవల 'మూన్‌స్టోన్'లో - శ్రీరంగపట్టణమున దోచిన వజ్రపు కథ యది - సార్జెంటు కఫ్ గులాబీల కొరకు పోలీసు కొలువు విడుచును. అగాథా క్రిస్టీ సృష్టించిన పాయిరో, 1926 నాటి నవలలో, పల్లెకు చేరి సొరకాయ వంటి కాయలు పండింపబోయి, విసిగి, ఒకదానిని గోడ మీదుగా విసరును. అది పొరుగువాని చెంత పడును! 1920లో తొలి నవలలోనే అతడు బెల్జియము పోలీసు కొలువు విరమించినవాడు. 1975లో చివరి నవల వెలువడునాటికి లెక్క ప్రకారము నూరేండ్లు దాటియుండవలెను. మొదటనే ముసలివానిని చేయుట తన పొరపాటని క్రిస్టీ ఆత్మకథలో ఒప్పుకొన్నది. ఆమెయే సృష్టించిన మిస్ మార్పుల్ ఏ కొలువును చేయలేదు. అల్లిక సూదులతో కూర్చుండి ఊరివారి నడతను గమనించు అవివాహిత వృద్ధురాలు. 2020లో రిచర్డ్ ఆస్మన్ వ్రాసిన నవలలో వృద్ధుల నివాసమందలి నలుగురు గురువారము గురువారము చేరి పాత హత్యల చిక్కు విప్పుదురు.

మన తెలుగున ఈ పీట ఇంచుమించు ఖాళీయే యని నా యభిప్రాయము. కొమ్మూరి సాంబశివరావు పాత్రలు యుగంధర్, అతని సహాయకుడు రాజు - అద్దెకు పుస్తకములు తెచ్చి చదివిన తరమువారికి ఇవి బంధువుల పేర్లవంటివి. ఆ నవలలలో వేగము కలదు, ధైర్యము కలదు. కాని మన డిటెక్టివు నవలలలో వృద్ధుడన్న తరచుగా వీలునామా వ్రాసి చచ్చువాడే!

తగిన వారు మన తీరమున లేకపోలేదు. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దు కాగా ఇల్లు చేరిన కరణము ప్రతి సర్వే నంబరు వెనుక నున్న వ్యాజ్యము నెరుగును. వయసు మీరిన తపాలా బంట్రోతు, ఎవరికి ఎవరు వ్రాయుట మానిరో యెరుగును. వేట మానిన ముసలి మత్స్యకారుడు ఒడ్డున వల బాగుచేసికొనుచుండును. జెల్లీచేపలు మన వలలలోను పడును. వాని మంట అతని చేతులకు క్రొత్త కాదు. ఆ ఉపాధ్యాయుని వీపు చూచిన యెడల అతడు గ్రంథము వెదకనక్కర లేకయే సంగతి చెప్పియుండును. గణితోపాధ్యాయునికి ఆ నింద తప్పియుండును.

డాయిల్ కథలో ఆ యుదయమున సముద్రముపై రెండు మూడు చేపల పడవలు కనబడును. వారిని తరువాత తీరికగా విచారింపవచ్చునని హోమ్సు అనుకొనును. కథ ముగియువరకు వారి నెవరును అడుగరు.