పాత నాణేలు, తపాలా బిళ్ళల అమ్మకం - జి.ఎస్.టి. వర్తించేదెప్పుడు?

పాత నాణేలు, తపాలా బిళ్ళలు, గ్రామఫోన్ రికార్డులు, చేతి గడియారాలు సేకరించడం ఎందరికో అభిరుచి. తమ వద్ద రెండేసి ఉన్నవాటిని అమ్మి, లేనివాటిని కొనుక్కోవడం కూడా ఈ అభిరుచిలో భాగమే. ఒకప్పుడు తోటి సేకరణకర్తల మధ్యనే జరిగిన ఈ లావాదేవీలు ఆన్‌లైన్ వేదికలకు విస్తరించిన నేపథ్యంలో, వీటికి వస్తు, సేవల పన్ను వర్తిస్తుందా, రిజిస్ట్రేషన్ విధిగా పొందాలా అన్న సందేహాలు ఉత్పన్నమవుతున్నాయి.

2017 జులై 1 నుండి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి. చట్టం ప్రకారం వ్యాపార క్రమంలోగాని, వ్యాపారాభివృద్ధికిగాని జరిపిన సరఫరాలపైనే సాధారణంగా పన్ను విధిస్తారు. సొంతానికి ఉంచుకున్న వస్తువును అమ్ముకోవడం ఈ కోవలోకి రాదు. వ్యక్తులు తమ పాత బంగారు నగలను నగల వ్యాపారికి అమ్మడం వ్యాపార క్రమంలో జరిగిన సరఫరా కాదని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2017 జులై 13న వివరణ ఇచ్చింది. తాతగారు కూడబెట్టిన తపాలా బిళ్ళల ఆల్బమ్‌ను మనుమడు అమ్మినా ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే అభిరుచి అన్న మాటకు చట్టంలో ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. లాభం ఉన్నా లేకున్నా, లావాదేవీలు తరచుగా జరిగినా జరగకున్నా వ్యాపారమే కావచ్చునని నిర్వచనం చెబుతోంది. కనుక తిరిగి అమ్మే ఉద్దేశంతోనే కొనేవారు తమది కేవలం కాలక్షేపమని చెప్పుకున్నంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

వస్తువులు మాత్రమే, అదీ రాష్ట్రంలోపలే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో వార్షిక టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటితేనే రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. తెలంగాణలో ఈ పరిమితి 20 లక్షలు. ఒకే పాన్‌పై జరిగే ఇతర వ్యాపారాల టర్నోవరు సైతం ఇందులో కలుస్తుంది.

చిన్న అమ్మకందారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ పరిమితి రాష్ట్ర సరిహద్దు వరకే. 2014 జూన్ 2కు పూర్వం విజయవాడ నుండి హైదరాబాదుకు పంపిన పార్సిల్ రాష్ట్రంలోపలి అమ్మకమే. నేడు అదే పార్సిల్ అంతర్రాష్ట్ర సరఫరా. పన్ను వర్తించే వస్తువును వ్యాపార క్రమంలో ఇలా పంపితే, దాని విలువ 500 రూపాయలే అయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హస్తకళా వస్తువులకు కల్పించిన మినహాయింపు సేకరణ వస్తువులకు లేదు. పన్ను ఎగవేసినా, రిజిస్ట్రేషన్ పొందకపోయినా 10 వేల రూపాయలు లేదా ఎగవేసిన పన్ను, ఏది ఎక్కువైతే అది జరిమానాగా విధించవచ్చు.

ఆన్‌లైన్ వేదికల ద్వారా వస్తువులు అమ్మే చిన్నవారికి 2023 అక్టోబర్ 1 నుండి కొంత వెసులుబాటు లభించింది. టర్నోవరు పరిమితి లోపు ఉండి, ఒకే రాష్ట్రంలో అమ్మేవారు పాన్ వివరాలతో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య పొందితే చాలు. ఇక్కడ కూడా అంతర్రాష్ట్ర అమ్మకాలకు అనుమతి లేదు.

పొరుగు రాష్ట్రంలో జరిగే ప్రదర్శనలో స్టాలు తెరిచే వ్యాపారి అక్కడ తాత్కాలిక పన్ను చెల్లింపుదారుగా కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేసుకొని, అంచనా పన్నును ముందుగానే జమ చేయవలసి ఉంటుంది. ఈ రిజిస్ట్రేషన్ 90 రోజుల వరకు చెల్లుతుంది.

రిజిస్ట్రేషన్ పొందిన పాత వస్తువుల వ్యాపారికి ఒక ఊరట ఉంది. 6,000 రూపాయలకు కొన్న పాత గడియారాన్ని 8,500కు అమ్మితే, ఇన్‌పుట్ పన్ను రాయితీ తీసుకోని పక్షంలో, 2,500 రూపాయల తేడాపైనే పన్ను చెల్లించవచ్చు. నష్టానికి అమ్మితే పన్ను ఉండదు. కొన్నప్పటి రసీదులు లేనివారు ఈ తేడాను నిరూపించుకోవడం కష్టమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కొనుగోళ్ళ విషయానికి వస్తే, దేశంలోని ఇతర రాష్ట్రాల విక్రేతల నుండి సొంత సేకరణ కోసం కొన్నవారిపై వేరుగా పన్ను భారం లేదు. విదేశాల నుండి తెప్పించుకుంటే మాత్రం, వర్తించే కస్టమ్స్ సుంకంతోపాటు సమీకృత జి.ఎస్.టి.ని రిజిస్ట్రేషన్ లేని వ్యక్తులు సైతం చెల్లించాలి. దీనికి టర్నోవరు పరిమితితో సంబంధం లేదు.

నూరేళ్ళు దాటిన పురావస్తువులు, చేతితో వేసిన చిత్రాలు, శిల్పాలపై పన్నును 2025 సెప్టెంబర్ 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. అయితే నూరేళ్ళు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం ప్రకారం వాటి వ్యాపారానికి విడిగా లైసెన్సు పొందాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం వెలుపలకు పంపరాదు. జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ ఈ లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు.